గంజి కాగితం

మిషను మా ఇంటికి వచ్చిన రోజున అమ్మ దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది.

“అది దేవుడు కాదమ్మా, కరెంటు మిషను,” అని అన్నయ్య నవ్వాడు.

“ఏదైతే ఏంట్రా. నువ్వు చేశావు. నాకు ఊపిరి పోస్తుందంటున్నావు. బొట్టు పెడితే అరిగిపోతుందా?” అంది అమ్మ. ఆ నాలుగు మాటలు అనడానికి మధ్యలో రెండుసార్లు ఆగి గాలి తీసుకుంది.

అమ్మకి ఉబ్బసం. నాన్న పోయాక ఆరేళ్ళు బాపట్లలో అన్నయ్య దగ్గరే ఉంది. అన్నయ్య దశరథరామయ్య అక్కడ ఒక కాలేజీలో కెమిస్ట్రీ డిమాన్‌స్ట్రేటరు. డెబ్బై ఒకటో సంవత్సరం దసరా వెళ్ళాక అమ్మనీ, మిషన్నీ కలిపి రైల్లో తెచ్చి రేపల్లెలో మా ఇంట్లో దించాడు.

“బాపట్లలో మా ఇల్లు ఇరుకు, పిల్లల గోల. ఇక్కడైతే నువ్వు దగ్గరుండి చూస్తావు. నువ్వు చూసినట్టు ఇంకొకళ్ళు చూడలేరు వేణీ,” అన్నాడు. ఆ మాటకి నేను పొంగిపోయాను.

మిషను బియ్యం డబ్బా అంత చెక్కపెట్టె. ముందువైపు చిల్లుల రేకు. లోపల ఒకదానిలో ఒకటి దూర్చిన రెండు గాజు గొట్టాలు, వాటి వెనక చిన్న ఫ్యాను, ఒక మూల తెనాలి మోటారు షెడ్డులో చుట్టించిన కాయిలు. వెనక నుంచి రెండు తీగలు. “తెల్లది ఫ్యానుకి, ఎర్రది కాయిలుకి. ఏమన్నా తేడా వస్తే ముందు ఎర్రది పీకెయ్,” అని నా చేత రెండుసార్లు పెట్టించి, తీయించి చూపించాడు. స్విచ్చి వేయగానే గుయ్యిమంది. కాసేపటికి గదంతా ఒక వాసన పరుచుకుంది.

ఆ వాసన నాకు తెలుసు.

నాకు పదకొండేళ్ళప్పుడు భట్టిప్రోలులో మా దొడ్డి వెనక తాటిచెట్టు మీద పిడుగు పడింది. వాన వెలిశాక అన్నయ్య నన్ను చెట్టు దగ్గరికి తీసుకెళ్ళి, “పీల్చు, ఏం వాసన?” అన్నాడు. ముక్కులో గుచ్చుకునే వాసన. “ఇదే ఓజోన్,” అన్నాడు. అప్పుడు వాడు గుంటూరులో కాలేజీ చదువుతున్నాడు. ఇంటికి వచ్చి వసారాలో ఉయ్యాలబల్ల మీద కూర్చుని చెప్పాడు. మనం పీల్చే ఆక్సిజన్‌లో రెండేసి పరమాణువులు కలిసి ఉంటాయి, నువ్వూ నేనూ ఈ బల్ల మీద కూర్చున్నట్టు. మెరుపు దెబ్బకో కరెంటు దెబ్బకో మూడోది వచ్చి ఇరుక్కుంటుంది. దానికి చోటు చాలదు. ఎప్పుడు దిగిపోదామా, ఎవర్ని పట్టుకుందామా అని చూస్తూ ఉంటుంది. నీళ్ళలోకి పంపితే సూక్ష్మక్రిముల్ని పట్టుకుని చంపుతుంది. బట్టకి తగిలితే రంగుని పట్టుకుని తెల్లబరుస్తుంది. కొన్ని దేశాల్లో పట్నాల మంచినీళ్ళు దాంతోనే శుభ్రం చేస్తారు. ఆకాశంలో చాలా ఎత్తున దాని పొర ఒకటి ఉండి ఎండలోని చెడ్డ కిరణాల్ని ఆపుతుంది.

తొమ్మిదో తరగతితో నా చదువు మానిపించేశారు. సెలవులకి వచ్చినప్పుడల్లా వాడే నాకు పాఠాలు చెప్పేవాడు. గంజి కాగితం చేయడం కూడా అప్పుడే నేర్పాడు. పలచటి గంజిలో పొటాషియం అయొడైడు అనే తెల్లటి ఉప్పు చిటికెడు వేసి కాచి, అద్దుడు కాగితం ముంచి ఆరబెట్టాలి. తడిచేసి గాలిలో పెడితే, ఆ గాలిలో ఓజోన్ ఉంటే నీలంగా మారుతుంది. కాలేజీ నుంచి సీసాలో ఉప్పు తెచ్చి, మా వంటింటి గంజితో చేయించాడు. సీమలో ఎవరో దొరలు చేసే పని నా గంజితో అయిందన్న సంబరంలో ఆ రోజు నేను అన్నం తినలేదు.

అలాంటి అన్నయ్య మిషను తెచ్చి, రోజూ పొద్దున అరగంట, సాయంత్రం అరగంట అమ్మ దాని ముందు కూర్చోవాలంటే నాకు అనుమానం ఎందుకు వస్తుంది?

“సముద్రపు గాలిలో ఓజోన్ ఉంటుందనే కదూ డాక్టర్లు రోగుల్ని సూర్యలంక పంపేది. ఆ గాలినే మనం ఇంటికి తెచ్చుకున్నాం,” అన్నాడు. ఒక నోటుపుస్తకం ఇచ్చి, రోజూ ఎన్ని నిమిషాలు పెట్టాను, దగ్గు ఎలా ఉంది, ఆయాసం ఎలా ఉంది రాసి, ఆదివారం ఆదివారం కాగితాలు చింపి పోస్టులో పంపమన్నాడు.

మా ఆయన లక్ష్మీనారాయణ హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. అన్నయ్య వెళ్ళాక మిషను చుట్టూ ఒకసారి తిరిగి, “మీ అన్నయ్య గాలిని కూడా ఉతికి ఆరేస్తున్నాడన్నమాట,” అన్నారు.

“మీరు చేయించే దండీలూ బస్కీల కంటే మేలే లెండి,” అన్నాను.

మా వైపు బాలింతకీ, పసిబిడ్డకీ సాంబ్రాణి వేసేటప్పుడు తలుపులు మూసి, కిటికీలకి గోనెలు కడతాం. పొగ బయటికి పోతే మందు బయటికి పోయినట్టే లెక్క. ఘాటు ఎంత ఉంటే గుణం అంత. నాకు మందు గాలి అంటే అదే తెలుసు. నడిమి గదికి ఉన్న రెండు కిటికీలకీ నేను గోనెలు తడిపి కట్టాను. తలుపు కింద సందులో పాత చీర కుక్కాను. ఎవరూ చెప్పలేదు. ఎవరో చెప్పాల్సిన పని అనిపించలేదు.

మూడో వారం అన్నయ్య వచ్చాడు. సాయంత్రం, సరిగ్గా మిషను నడుస్తున్నప్పుడు. తలుపు తోసి లోపలికి వచ్చి, కిటికీల వంక చూశాడు. జేబులోంచి రుమాలు తీసి ముక్కుకి పెట్టుకున్నాడు. ఒక్క నిమిషం నిలబడి వసారాలోకి వెళ్ళిపోయాడు.

“జలుబా అన్నయ్యా?”

“ఊఁ. బాగా చేస్తున్నావమ్మా. ఇలాగే చెయ్యి,” అన్నాడు.

అమ్మ దగ్గుతూనే, “చూశావటే, వాడికి నచ్చింది,” అని నా వైపు చూసి మురిసింది.

అమ్మకి దగ్గు తగ్గలేదు. మొదట్లో ఆయాసం ముసురు పట్టినప్పుడే వచ్చేది. ఇప్పుడు ఎండలో కూడా పిల్లికూతలు. గొంతులో కారం పోసినట్టుందనేది. నెలన్నర అయ్యేసరికి నడిమి గది నుంచి నూతిగట్టు దాకా నడవలేక గడప మీద కూర్చుండిపోయేది. నేను ఉన్నది ఉన్నట్టు రాసి పంపాను. “మొదట జబ్బు పైకి పొంగుతుంది, తర్వాత దిగుతుంది. ఆపొద్దు,” అని అన్నయ్య కార్డు రాశాడు. అమ్మకి చదివి వినిపిస్తే కార్డు తీసుకుని దిండు కింద పెట్టుకుంది. ఆవిడకి రెండు కళ్ళకీ శుక్లాలు. అక్షరాలు కనపడవు. అయినా పెట్టుకుంది.

ముందుగా నాకు తేడా తెలిసింది ఆవకాయ జాడీల దగ్గర. వేసవిలో మా ఆయన పాత సైకిలు ట్యూబు బద్దీలుగా కోసి ఇస్తే, ఆరు జాడీలకి గుడ్డ వాసెన కట్టి వాటితో బిగించాను. మూడు జాడీలు వంటింట్లో, మూడు నడిమి గదిలో బల్ల మీద. ఒకరోజు అన్నానికి ఆవకాయ తీయబోతే నడిమి గదిలో మూడింటి బద్దీలూ ఎండిన చింతతొక్కల్లా పగిలి కింద పడి ఉన్నాయి. వంటింట్లోవి లాగి చూశాను. కొత్తవాటిలా సాగాయి. ఒకే ట్యూబు, ఒకే రోజు కట్టినవి.

తర్వాత దండెం వంక చూశాను. అమ్మ చీరాల నీలం చీర మడతపెట్టి దాని మీద ఉంది. మిషను వైపు ఉన్న మడత వెలిసి బూడిదరంగుకి వచ్చింది. విప్పితే లోపలి నీలం అలాగే ఉంది. మిషను ముందు అమ్మ కూర్చునే పీటకీ, ఆ దండేనికీ మధ్య రెండు మూరల దూరం కూడా లేదు.

రబ్బరుని పట్టుకుంది. రంగుని పట్టుకుంది. అక్కడే కూర్చున్న మనిషిలో దేన్ని పట్టుకుంటోంది?

ఆ మధ్యాహ్నమే కాంపౌండరు జకరయ్య దగ్గరికి వెళ్ళాను. ఆస్పత్రిలో దగ్గు మందు కలిపేది ఆయనే. ఆ మందులో పొటాషియం అయొడైడు పడుతుందని నాకు తెలుసు.

“చిటికెడు ఇవ్వండి జకరయ్యగారూ.”

“ఎందుకమ్మా? మందు కావాలంటే కలిపే ఇస్తానుగా.”

“గంజిలో వేయాలండి.”

“గంజిలోనా! చీరలకి కొత్త పద్ధతా ఏంటి?” అంటూనే పొట్లం కట్టాడు. “మీ అమ్మగారి ఆయాసం ఎలా ఉంది? అప్పుడప్పుడూ కాస్త గాలాడే చోట కూర్చోబెట్టమ్మా. మూసిన గదిలో పెడితే మాబోటి వాళ్ళకే ఊపిరాడదు.”

ఇంటికి వచ్చి గంజి కాచాను. మా పెద్దదాని స్కూలు సంచిలోంచి అద్దుడు కాగితం తీసి ముంచి ఆరబెట్టాను. సాయంత్రం తడిచేసి ఒక ముక్క వంటింట్లో, ఒక ముక్క అమ్మ పీట మీద పెట్టి మిషను వేశాను. వంటింట్లోది తెల్లగానే ఉంది. పీట మీదది వక్క నమిలినంత సేపటికి ఊదా తిరిగి, నేరేడు పండులా నీలం కక్కింది. చిన్నప్పుడు అన్నయ్య చేసి చూపినది ఇంతలో సగం రంగు కూడా తిరగలేదు.

వాడికి తెలియక జరిగిందనుకున్నాను. మిషను ఎక్కువ ఇస్తోంది, కాయిలు చుట్టడంలో పొరపాటు, వెంటనే చెప్పాలి అనుకున్నాను. మర్నాడు అమ్మని మా ఆయనకి అప్పగించి, మిషను వేయొద్దని చెప్పి, నీలం కాగితం రవికలో పెట్టుకుని పొద్దుటి బండి ఎక్కాను.

తెనాలిలో మారి బాపట్లలో దిగేసరికి పన్నెండయింది. అన్నయ్య కాలేజీ నుంచి భోజనానికి ఇంకా రాలేదు. వదిన ఝాన్సీలక్ష్మి కాళ్ళకి నీళ్ళిచ్చి, “అత్తయ్యకి ఎలా ఉంది? మిషను పనిచేస్తోందా?” అంది.

“అందుకే వచ్చాను వదినా. అన్నయ్య మిషను చేసిన గది ఎక్కడ?”

“పెరట్లో. చూడు, తాళం లేదు.”

పెరట్లో రేకుల గది. తలుపు మీద అట్ట ఒకటి మేకుతో కొట్టి ఉంది. అన్నయ్య చేతి రాతే, నాకు అక్షరాలు దిద్దించిన రాతే. ‘మిషను నడుచునప్పుడు పిల్లలు లోపలికి రాకూడదు. కిటికీలు తెరిచి ఉంచవలెను. వాసన వచ్చిన వెంటనే బయటికి పోవలెను.’

నేను రెండోసారి చదివేసరికి వదిన వెనక నిలబడి ఉంది.

“అదా? పోయినేడు కొట్టారు. మా చిన్నది లోపల ఆడుకుని వారం రోజులు దగ్గిందిగా. డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళొచ్చాం. ఆ తర్వాత ఈ గది వైపు రానిస్తే ఒట్టు. నేను కూడా చీపురు పుచ్చుకుని పక్కకి తిరిగి వెళ్ళాల్సిందే,” అని నవ్వింది. నా మొహం చూసి నవ్వు ఆపేసింది. “ఏంటి వేణీ? అత్తయ్యకి ఇచ్చింది వేరే రకం అన్నారే. వేరే రకం కాదా?”

అట్ట వంక మళ్ళీ చూశాను. పోయినేడు. అమ్మని మా ఇంటికి తెచ్చింది ఈ ఏడు.

అన్నయ్య వచ్చాడు. నన్ను చూసి సైకిలు గోడకి ఆనించడం మరిచిపోయి చేత్తో పట్టుకునే నిలబడ్డాడు. నేను నీలం కాగితం తీసి వాడి చేతిలో పెట్టాను. ఒక వేలితో తాకి చూశాడు.

“బాగా చేశావు. గంజి సరిగ్గా కాచావు,” అన్నాడు.

“ఆ అట్ట నువ్వే రాశావా అన్నయ్యా?”

“అది పిల్లలకి. వాళ్ళవి లేత ఊపిరితిత్తులు.”

“అమ్మవి?”

సైకిలు స్టాండు వేశాడు. రుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు. అదే రుమాలు.

“అమ్మ ఎటూ దగ్గుతూనే ఉంటుంది కదా వేణీ,” అన్నాడు. “ఫిబ్రవరిలో మద్రాసులో సభ ఉంది. నా పేరు మీద ఒక్క పరిశోధన పేపరు లేదు. నేను బీకర్లు అందించిన కుర్రాళ్ళు ఇవాళ నాకు లెక్చరర్లు. ఉబ్బసం ఉన్న మనిషి, నెలల తరబడి, రోజువారీ లెక్కతో... ఎవరిస్తారు నాకు? కొంచెం మోతాదులో మంచి చేస్తుందని నాకు ఇప్పటికీ నమ్మకమే.”

“నేను కిటికీలకి గోనెలు కట్టాను. నువ్వు చూశావు.”

“చూశాను.”

“చెప్పలేదేం?”

వదిన నూతి దగ్గర నుంచి వింటోంది. చేద నీళ్ళలోనే వదిలేసింది.

“కిటికీలు తీస్తే గదిలో ఎంత ఉందో లెక్క తెలీదు,” అన్నాడు అన్నయ్య.

నాకు ఏడుపు రాలేదు. ఉయ్యాలబల్ల గుర్తొచ్చింది. ఓజోన్ నీళ్ళలో ఏం చేస్తుంది, బట్టకి ఏం చేస్తుంది, ఆకాశంలో ఏం చేస్తుంది, అన్నీ చెప్పాడు. మనిషి ఊపిరికి ఏం చేస్తుందో ఒక్కటీ చెప్పలేదు. అప్పుడు తెలియదేమో. ఇప్పుడు తెలిసి చెప్పలేదు. నేను బాగా చూస్తానని మెచ్చుకుని, నా చేత్తోనే పెట్టించాడు.

రేకుల గదిలోకి వెళ్ళి, బల్ల మీద దారం కట్టి ఉన్న నా కాగితాల కట్ట తీసుకున్నాను. “అవి నాకు కావాలి వేణీ,” అన్నాడు. “నేను రాసినవి,” అన్నాను. వదిన అన్నం తినమని వీధి గుమ్మం దాకా వచ్చింది. తినలేదు.

తెనాలిలో రేపల్లె బండికి గంటన్నర టైముంది. ప్లాట్‌ఫారం మీద బెంచీ మీద కూర్చుని దారం విప్పాను. నా రాత మీద ఎర్ర పెన్సిలు. ‘దగ్గు ఎక్కువైంది’ అన్నచోట ‘ఎక్కువైంది’ కొట్టేసి పైన ‘తగ్గింది’. ‘గడప మీద కూర్చుండిపోయింది’ అన్నది మొత్తం కొట్టేసి ‘గడప దాకా నడవగలిగింది’. చివరి కాగితం వెనక ‘రోగి కుమార్తె స్వయముగా నమోదు చేసినది’ అని రాసి కింద గీత గీశాడు. పక్కన పూలబుట్టతో కూర్చున్న ముసలమ్మ, “ఎవరైనా పోయారా అమ్మా?” అని అడిగింది. “లేదు పెద్దమ్మా, ఉన్నారు,” అన్నాను.

ఇంటికి చేరి అమ్మకి అంతా చెప్పాను. అట్ట సంగతి చెప్పాను, రుమాలు సంగతి చెప్పాను. అమ్మ పీట మీద కూర్చుని విన్నది.  అంతా అయ్యాక ఊపిరి కూడదీసుకుంది.

“నీ చదువు మానిపించి వాణ్ణి చదివించామని కడుపులో పెట్టుకున్నావే నువ్వు. ఇన్నేళ్ళకి కక్కావు.”

“అమ్మా...”

“వాడు నా కొడుకు. కన్నతల్లికి విషం పెడతాడంటే నా చెవులు చిల్లులు పడవూ? రెండు పూటల నుంచి మిషను వేయలేదు మీ ఆయన. అందుకే నాకు ఎగశ్వాస. వెయ్యి. వేస్తావా, బాపట్ల బండి ఎక్కించేస్తావా?”

ఆయాసంతో వణుకుతూ ఆవిడే లేచి స్విచ్చి కోసం గోడ తడుముతోంది. మా ఆయన నా వైపు చూశారు. అన్నయ్య చేసింది విన్నప్పటి కంటే, ఆ చేయి గోడ మీద తడమడం చూసినప్పుడు నా గుండె ఎక్కువ మండింది.

“కూర్చో అమ్మా. వేస్తాను,” అన్నాను.

పెట్టె వెనక్కి వెళ్ళి ఎర్ర తీగ పీకి కొంగులో దాచుకున్నాను. తెల్లది ఉంచాను. స్విచ్చి వేశాను. ఫ్యాను గుయ్యిమంది. కిటికీల గోనెలు కోసేశాను. “గోనెలు కుళ్ళిపోయాయమ్మా, ఉతకాలి,” అన్నాను. గాలి లోపలికి వచ్చింది.

“వాసన తగ్గిందేంటే?” అంది అమ్మ రెండో రోజు.

“ఒంటికి పట్టిందిగా. అలవాటైతే తెలీదట.”

“వాడు చెప్పాడా?”

“ఆఁ. వాడే.”

అమ్మతో నేనాడిన మొదటి అబద్ధం అది కాదు. కానీ రోజుకి రెండుపూటలా, అరగంట చొప్పున ఆడినది అదొక్కటే.

వారానికి గొంతులో కారం తగ్గింది. మూడో వారానికి నూతిగట్టు దాకా వెళ్ళి మొహం కడుక్కుంది. ఉబ్బసం పోలేదు, అది పాత జబ్బు. కానీ పోయిన నడక తిరిగి వచ్చింది. జకరయ్య మందు ఇవ్వడానికి వచ్చి, “గంజి వైద్యం పనిచేసినట్టుందమ్మా,” అన్నాడు. వీధిలో పోయే ప్రతివాళ్ళనీ పిలిచి, “మావాడు చేసిన మిషను. కూర్చో, నువ్వూ కాసేపు పీల్చు,” అనేది అమ్మ. వాళ్ళు కూర్చుని ఉత్త గాలి పీల్చి వెళ్ళేవాళ్ళు.

జనవరిలో ఒకరోజు, “వాడికి ఉత్తరం రాయవే. మద్రాసు వెళ్ళే ముందే అందాలి,” అంది.

కాగితం తీశాను. ఆవిడ చెబుతుంటే రాశాను. ‘చిరంజీవి దశరథరామయ్యకు అమ్మ ఆశీర్వదించి వ్రాయించునది. నీ మిషను వల్ల నాకు చాలా నిమ్మళించింది. నూతి దాకా నడుస్తున్నాను. వేణి బాగా చూస్తోంది, మొదట్లో తెలియక ఏదో అన్నది, మనసులో పెట్టుకోకు. నీ పేరు పదిమందిలో వెలగాలి.’

ఒక్క అక్షరం మార్చలేదు. ‘నిమ్మళించింది’ దగ్గర కలం ఆగితే, “రాశావా?” అని అడిగింది. “రాశానమ్మా,” అని రాశాను.

ఆవిడ చెప్పింది అయ్యాక కింద నేను రాశాను. ‘అన్నయ్యా, బాపట్ల నుంచి వచ్చిన రోజు నుంచీ ఎర్ర తీగ నా ట్రంకు పెట్టెలో ఉంది. దీంతో పెట్టిన కాగితం నిన్న మిషను నడుస్తుండగా అరగంట సేపు అమ్మ పీట మీద ఉంచినది. ఎర్ర పెన్సిలు దిద్దిన కాగితాలు కూడా నా దగ్గరే ఉన్నాయి. సభలో పేపరు చదివితే ఇవన్నీ చదువు.’

గంజి కాగితం మడతలో పెట్టాను. ఎక్కడా మరక లేదు, తెల్లగా ఉంది. కవరు జిగురు ఊడితే అన్నం మెతుకు మెదిపి అతికించాను.

“అతికించావా?” అంది అమ్మ.

“అతికించాను.”

మిషను గుయ్యిమంటోంది. అమ్మ పీట మరికాస్త ముందుకి జరుపుకుని, చిల్లుల రేకుకి మొహం పెట్టి, హాయిగా, నిండుగా గాలి పీల్చింది.

“చదివి వాడెంత సంతోషిస్తాడో!” అంది.